గుట్టల్లో జట్టు రిలే: నెమ్మదిగా పరిగెత్తే మనిషిని ఎన్నో నంబరులో దింపాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మహబూబ్‌నగర్‌లో మీది 20 మంది క్లబ్బు. అందరూ రోడ్డు మీద 10 కిలోమీటర్లు పరిగెత్తినవాళ్లే గాని గుట్టల్లో ఎవరికీ అలవాటు లేదు. జనవరిలో నలుగురేసి జట్లు కట్టి ట్రయల్ రిలే, అంటే గుట్టల బాటల్లో ఒకరి తరువాత ఒకరు వంతులవారీగా పరిగెత్తే పోటీ, పెట్టుకోవాలనుకుంటున్నారు. దారి ఎట్లా గీయాలి, జట్లు ఎట్లా కట్టాలి, ఎవరిని ముందు దింపాలి, ఎవరిని చివర దింపాలి అన్నవి మీ ప్రశ్నలు. ఆఖరున ఒక మాట రాశారు: "అందరికన్నా నెమ్మది నేనే. నా వల్ల జట్టు ఓడిపోతుందని టెన్షన్‌గా ఉంది. పరిగెత్తకుండా నీళ్ల దగ్గర నిలబడితే మేలా?"

ఆ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతాను. వద్దు, పరిగెత్తండి. మా నల్లగొండ క్లబ్బులో కరోనా ఏళ్లు వదిలేస్తే ఎనిమిదిసార్లు ఈ రిలే పెట్టుకున్నాం. నెమ్మదిగా పరిగెత్తే మనిషి వల్ల జట్టు ఓడిపోవడం నేను ఒక్కసారీ చూడలేదు. దారి తప్పి ఓడిపోయారు. తరువాత దిగాల్సిన మనిషి చాయ్ తాగడానికి పోయి, వచ్చేసరికి ఆలస్యమై ఓడిపోయారు. మొదటి చుట్టు జోరుగా పరిగెత్తి, రెండో చుట్టుకు పిక్కలు పట్టేసి, కుంటుకుంటూ వచ్చి ఓడిపోయారు. మీ జట్టులో బాగా పరిగెత్తే మనిషికన్నా మీరు పెద్ద చుట్టులో ఒక 8, 10 నిమిషాలు వెనకబడతారేమో. దారి గుర్తుకు కట్టిన రిబ్బన్ చూసుకోకుండా తండా వైపు దిగిపోయినవాడు మళ్లీ పైకి వచ్చేసరికి 20 నిమిషాలు పోతాయి. రిలేలో టైమంతా పోయేది పరుగులో కాదు, పరుగుకూ పరుగుకూ మధ్యలో. అందుకే నా జవాబులో ఎక్కువ భాగం ఆ మధ్య సంగతే ఉంటుంది.

ముందు దారి. ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో ముగిసే రిలే వినడానికి బాగానే ఉంటుంది. జపాన్ వాళ్ల హకోనె ఎకిడెన్ అట్లాంటిదే, టోక్యో నుంచి హకోనె కొండలకు పోయి మళ్లీ వచ్చే విశ్వవిద్యాలయాల రిలే, 1920 నుంచి నడుస్తోంది. అమెరికాలో 1982లో మొదలైన హుడ్ టు కోస్ట్‌లో జట్టుకు 12 మంది, వెంట రెండేసి వ్యాన్లు. మనకు ఉండేవి నాలుగు బైకులు, ఎవరిదో ఒక కారు. గుట్ట అవతల మనిషిని నిలబెడితే అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇవతల ఎవరికి కాలు బెణికిందో అవతలివాళ్లకు తెలియదు. కాబట్టి ఒకే చెట్టు కింద మొదలై అదే చెట్టు కిందికి వచ్చే చుట్లు పెట్టుకోండి. అమెరికాలో రాగ్నార్ అనే సంస్థ పెట్టే ట్రయల్ రిలేల పద్ధతి ఇదే: 8 మంది జట్టు, పచ్చ, పసుపు, ఎరుపు అని మూడు చుట్లు, ప్రతి మనిషీ మూడూ చేయాలి. మీకు రెండు చుట్లు చాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ప్రతివాళ్లూ రెండూ చేస్తారు. మనుషులు ఎప్పుడూ కళ్ల ముందే తిరుగుతుంటారు కాబట్టి తలలు లెక్కపెట్టుకోవడం తేలిక.

ఎంత దూరం పెట్టాలన్న దగ్గరే మేము మొదటి ఏడు బోల్తా పడ్డాం. పెద్దది 7 కిలోమీటర్లు, చిన్నది 4 అని పెట్టాం. మా ఊరి ఉదయసముద్రం చెరువు కట్ట మీద పరిగెత్తే లెక్కలో ఇదేం పెద్ద దూరం అనుకున్నాం. కట్ట చదును, గుట్ట చదును కాదన్న సంగతి మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఆఖరి మనిషి ఎండలో తూలుకుంటూ వచ్చినప్పుడు అర్థమైంది. అంతర్జాతీయ ట్రయల్ రన్నింగ్ సంఘం వాడే ఒక లెక్క ఉంది: ప్రతి 100 మీటర్ల ఎక్కుడును 1 కిలోమీటరు చదును దూరంగా కలుపుకోవాలి. 5 కిలోమీటర్ల చుట్టులో మొత్తం 150 మీటర్లు ఎక్కితే అది ఆరున్నర కిలోమీటర్ల కింద లెక్క. రోడ్డు మీద కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు పట్టే మనిషికి 42 నిమిషాలు. మన బండలకు, ముళ్లకు ఇంకో మూడు కలిపి 45 అనుకోండి. చిన్న చుట్టు 3 కిలోమీటర్లు, దాదాపు చదునుగా, చెలక బాటలో పెడితే 22 నిమిషాలు. అంటే మనిషికి 67 నిమిషాలు, జట్టుకు దగ్గర దగ్గర నాలుగున్నర గంటలు. జనవరి నడిమిలో మన దగ్గర పొద్దు పొడిచేది 6:50 ప్రాంతంలో, వెలుతురు ఇంకో 20 నిమిషాల ముందే వస్తుంది. 6:45కు మొదలుపెడితే 11:15కు అయిపోతుంది. ఇంతకు మించి పెట్టకండి.

పెద్ద చుట్లు నాలుగూ ముందు, చిన్నవి నాలుగూ తరువాత. ఎక్కేదంతా చల్లపూట అయిపోవాలి.

మీ 20 మందిలో 16 మందే పరిగెత్తాలి, నాలుగు జట్లు. మిగతా నలుగురు పనికి. "అందరం పరిగెత్తుదాం, మధ్యలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు టైము రాద్దాం" అని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోవద్దు. పరిగెత్తి వచ్చిన మనిషి బుర్ర అరగంట దాకా పని చేయదు, అంకెలు తప్పు రాస్తాడు. ఆ నలుగురిని చీటీలు వేసి తీయండి, నెమ్మదిగా పరిగెత్తేవాళ్లను ఏరి కూర్చోబెట్టకండి. మీరు అడిగారు కాబట్టే ఈ మాట రాస్తున్నాను. క్లబ్బుల్లో ఇది చప్పుడు లేకుండా జరిగిపోతుంది, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో.

జట్లు కట్టడానికి అందరి 10 కిలోమీటర్ల టైములు వరుసగా రాయండి. పాము నడకలా వంకరగా పంచండి: మొదటి జట్టుకు 1, 8, 9, 16, రెండో జట్టుకు 2, 7, 10, 15, మూడోదానికి 3, 6, 11, 14, నాలుగోదానికి 4, 5, 12, 13. ఎటు కూడినా 34 వస్తుంది, కొట్లాట ఉండదు. అయితే పంచే ముందు ఒక ఆదివారం అందరూ ఆ పెద్ద చుట్టును ఒక్కసారి చేసి చూడండి, ఎందుకంటే రోడ్డు టైము గుట్ట మీద అబద్ధం చెబుతుంది. మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు, కరెంటు పనిచేసి రిటైరయ్యాడు, మేమంతా కాకా అంటాం. రోడ్డు మీద 10 కిలోమీటర్లకు గంటా పావు పడుతుంది ఆయనకు. కాని చిన్నప్పుడు మేకలు కాసిన కాళ్లు అవి. దిగుడులో 50 నిమిషాల కుర్రాళ్లు బండ బండకూ ఆగి చూసుకుంటుంటే, ఈయన చేతులు రెండూ పక్కలకు చాపి చిన్న చిన్న అడుగులేసుకుంటూ వాళ్ల పక్క నుంచి జారిపోతాడు. మీలోనూ ఇట్లాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. అది మీరే కావచ్చు కూడా.

ఇక వరుస. అందరూ చేసేది అవే చుట్లు కాబట్టి ఎవరు ఎన్నో నంబరన్నది ఏం లెక్క అనుకుంటారు. చాలా లెక్క ఉంది. పై టైములతో కాగితం మీద వేసి చూడండి. మొదటి మనిషి 7:30కు పెద్ద చుట్టు ముగించి, చిన్న చుట్టుకు 9:45కు దిగుతాడు: రెండుంపావు గంటల విరామం. రెండో మనిషికి 8:15 నుంచి 10:07 దాకా, గంటా 52 నిమిషాలు. మూడో మనిషికి గంటన్నర. నాలుగో మనిషి 9:45కు గుట్ట దిగి వచ్చి 10:51కే మళ్లీ దిగాలి, అంటే గంటా 6 నిమిషాలే. పైగా ఎక్కుడూ ఎండలోనే, చిన్న చుట్టు కూడా ఎండలోనే. చాలా క్లబ్బుల్లో "పెద్దాయన ఆఖర్న రానీ, అందరం చప్పట్లు కొడదాం" అని వయసు మళ్లినవాళ్లనో, నెమ్మదివాళ్లనో నాలుగో నంబరులో పెడతారు. గౌరవం అనుకుంటారు గాని అది శిక్ష.

నా పద్ధతి ఇది. నాలుగో నంబరు తొందరగా తేరుకునే, ఎండ తట్టుకునే మనిషికి. అది మీలో అందరికన్నా వేగమైనవాడే కానక్కరలేదు. మొదటి నంబరు తొందరపడని మనిషికి. నాలుగు జట్ల మొదటి మనుషులూ ఒకేసారి కదులుతారు, అందరి ముందు అందరికీ ఊపు వస్తుంది. ఒక ఏడు మా దగ్గర ముందున్న కుర్రవాడు వాగు దాటాక కుడికి తిరగాల్సింది నేరుగా పోయాడు. వెనకున్నవాళ్లు రిబ్బన్ చూడలేదు, అతని వీపు చూశారు. గుంపు మొత్తం తండాలోకి దిగి, అక్కడ నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లను దారి అడిగి వెనక్కు వచ్చారు. వాళ్లు ఇప్పటికీ మమ్మల్ని చూస్తే నవ్వుతారు. మొదటి నంబరుకు కావలసింది వేగం కాదు, ముందున్నవాడి వీపును నమ్మకపోవడం.

రెండో నంబరు మీది. అప్పటికి గుంపు విడిపోయి ఉంటుంది, వెనక నుంచి తరిమేవాళ్లు ఉండరు. ఎండ ముదరదు. వెలుతురు బాగా వచ్చి అడుగు ఎక్కడ వేస్తున్నారో కనిపిస్తుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య దాదాపు రెండు గంటలు దొరుకుతుంది. ఎవరి టైము ఎంతన్నది అప్పుడు ఎవరూ పట్టించుకోరు కూడా, మీ టెన్షన్‌కు అదే మందు. మూడో నంబరు చప్పట్లు అక్కరలేని నిదానస్తుడికి. ఆ టైముకు టిఫిన్ వాసన వస్తుంటుంది, ఎవరూ దారి వైపు చూడరు.

ఇక ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వంతు అందించడం గురించి. ట్రాక్ మీద చేతికందించే కర్ర, బ్యాటన్, ఇక్కడ పనికిరాదు, బండలు ఎక్కడానికి రెండు చేతులూ కావాలి. జపాన్ వాళ్ల ఎకిడెన్ రిలేల్లో తసుకి అని ఒక బట్ట పట్టీ ఉంటుంది, భుజం మీంచి నడుము దాకా అడ్డంగా వేసుకుంటారు. మేము దాన్ని చూసి ఎర్ర తువ్వాల పెట్టాం. చెమటకు తడిసిన తువ్వాలను వేసుకోవడానికి రెండో మనిషి ముఖం చిట్లిస్తాడు, అలవాటైపోతుంది. కాలు బెణికితే కట్టు కట్టుకోవచ్చు, చేయి విరిగితే మెడకు వేలాడదీయొచ్చు. బ్యాటన్‌తో ఏం చేస్తారు?

చెట్టు కింద ముగ్గుపిండితో ఒక గడి గీయండి. తువ్వాల ఆ గడిలోనే చేతులు మారాలి. వచ్చే మనిషి కనపడే మలుపు దగ్గర, ఒక 300 మీటర్ల దూరంలో, ఈల పట్టుకుని ఒకర్ని నిలబెట్టండి. జట్టు నంబరు ఎన్నో అన్ని ఈలలు వేస్తాడు. మూడు ఈలలు వినపడితే మూడో జట్టు తరువాతి మనిషి గడిలోకి రావాలి. ఫోన్ మీద ఆధారపడొద్దు. పాటలు పెట్టే పెద్ద బాక్సు కూడా వద్దు, ఈల వినపడదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది, తరువాత చెబుతాను. బల్ల దగ్గర ఇద్దరుండాలి, ఒకరు నంబరు, టైము పైకి చదవాలి, ఇంకొకరు రాయాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడవనివ్వండి గాని అసలు లెక్క కాగితం మీదే. వెళ్లిన టైము, వచ్చిన టైము రెండూ రాస్తే ఎవరు గుట్టలో ఉన్నారో ఏ నిమిషంలోనైనా తెలుస్తుంది. 45 నిమిషాల చుట్టులో 70 నిమిషాలు దాటినా మనిషి రాకపోతే ఇద్దరు వెతకడానికి ఎదురు పోవాలి. దారి చివరి నుంచి ఒకరు, మొదటి నుంచి ఒకరు.

మనిషి మధ్యలో ఆగిపోతే ఏం చేయాలన్నది ముందే రాసిపెట్టుకోండి, అప్పటికప్పుడు పంచాయితీ పెట్టకండి. ఆ చుట్టులో అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాడి టైముకు 10 నిమిషాలు కలిపి ఆ జట్టుకు వేస్తాం మేము. తరువాతి మనిషి వెంటనే బయలుదేరుతాడు. అట్లాగే 11:00 అయ్యేసరికి ఇంకా చిన్న చుట్టు మొదలుపెట్టనివాళ్లు ఎవరున్నా అందరినీ ఒకేసారి వదిలేసి టైములు తరువాత కూడండి. లేకపోతే ఒక జట్టు ఆఖరి మనిషి కోసం 15 మంది ఎండలో కూర్చోవాలి.

ఇప్పుడు అసలు కష్టం: ఎదురుచూడటం. రోడ్డు రేసులో ఇది ఉండదు కాబట్టి మీలో ఎవరికీ తెలియదు. పెద్ద చుట్టు చేసి వచ్చిన మనిషి చెమటతో తడిసి ఉంటాడు, జనవరి పొద్దున గాలి చల్లగా ఉంటుంది. అట్లాగే బండ మీద కూర్చుని ముచ్చట్లు పెడితే అరగంటలో కాళ్లు కట్టెలైపోతాయి. రాగానే తడి బనియన్ మార్చాలి, మీద స్వెటరో దుప్పటో వేసుకోవాలి. పది నిమిషాలు నడవాలి. మొదటి అరగంటలోనే ఒక అరటిపండు, ఉప్పు చల్లిన ఉడికిన ఆలుగడ్డ, రెండు గ్లాసుల నీళ్లో సల్లో తీసుకోవాలి. ఆ తరువాత పెద్దగా ఏమీ తినకూడదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: వంట దగ్గర పులిహోర పెడితే తిని, రెండో చుట్టులో కడుపు పట్టుకుంటారు. పులిహోర 11 దాటాకే మూత తీయండి. మా దగ్గర ఆ గిన్నెకు కాపలా ఉంటుంది, హాస్యానికి చెప్పడం లేదు. తన వంతుకు 20 నిమిషాల ముందు లేచి నడక, తరువాత మెల్లగా జాగింగ్, అప్పుడు గడి దగ్గరికి.

దీనికి సాధన కూడా అట్లాగే చేయాలి. ఆరు వారాలున్నాయనుకుంటే, వారానికి ఒక రోజు పొద్దున ఒకసారి పరిగెత్తి, రెండు గంటలు ఇంటి పనులు చేసుకుని, మళ్లీ 3 కిలోమీటర్లు పరిగెత్తండి. ఆ రెండో పరుగు మొదటి పది నిమిషాలు ఎంత దరిద్రంగా ఉంటుందో ముందే తెలియాలి. ఇంకో రోజు ఎక్కుడు దిగుడు. మేము లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు వాడతాం. మీకు అప్పన్నపల్లి దగ్గరి ఎకో పార్కు ఉంది, మయూరి పార్కు అని ఇప్పటికీ పిలుస్తారు, 2 వేల ఎకరాల పైచిలుకు అడవి. అక్కడి మట్టి బాటల్లో మొదలుపెట్టండి. బూట్లు కొత్తవి కొనాల్సిన పని లేదు. మన బండ ఎండినప్పుడు రోడ్డు బూటు కూడా బాగానే పట్టుకుంటుంది. జారేది సాపు బండ మీద పలుచగా పరుచుకున్న ఇసుక దగ్గర. అక్కడ నడవండి. పల్లేరు కాయలు పలుచని బూటు అడుగులోంచి గుచ్చుకుంటాయి, అది భరించాల్సిందే.

దారికి గుర్తులు పెట్టడం మేము నాలుగేళ్లకు గాని నేర్చుకోలేదు. మొదటి ఏడు మూడు రోజుల ముందే కాగితం బాణాలు అంటించాం. మేకలు తినేశాయి. రెండో ఏడు గుడ్డ రిబ్బన్లు కట్టాం. పిల్లలు విప్పుకుని సైకిళ్లకు కట్టుకున్నారు, అందంగానే ఉన్నాయి. ఇప్పుడు ముందు రోజు సాయంత్రం కడతాం, తెల్లారి ఒక మనిషి ఒకసారి తిరిగి చూసి వస్తాడు. ఆకుపచ్చ రిబ్బన్ చెట్లలో కలిసిపోతుంది. ఎరుపు మన ఎర్ర నేలలో కనపడదు, పైగా ఏదో పార్టీ జెండా అనుకుంటారు. ముదురు గులాబీ కూడా మన రాష్ట్రంలో పార్టీ రంగే, కాబట్టి మేము నారింజ వాడతాం. మలుపు దగ్గర మూడు కట్టాలి: మలుపుకు పది అడుగుల ముందు ఒకటి, మలుపులో ఒకటి, తిరిగాక 20 అడుగుల దూరంలో ఒకటి. మూడోదాన్ని మేము "ధైర్యం రిబ్బన్" అంటాం, సరైన దారిలోనే ఉన్నానని మనిషికి చెప్పేది అదే. పోకూడని బాటకు అడ్డంగా ముగ్గుపిండితో గీత గీయాలి. బండల మీద ఆయిల్ పెయింటు మాత్రం ఎప్పుడూ వేయకండి. గుర్తులు కట్టేటప్పుడు పరిగెత్తే దిశలోనే నడవాలి. ఎదురు దిశ నుంచి కడితే కొమ్మ వెనక పడిపోయి కనపడవు.

ఏ గుట్ట అన్నది మీ ఊరి విషయం, నేను చెప్పను. కాని కొన్ని వద్దులు ఉన్నాయి. రిజర్వు ఫారెస్టయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు ఆలోచనే వద్దు. శ్రీశైలం రోడ్డు మీదే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు, మనల్ని పరిగెత్తనిస్తారా? కోయిలకొండ, దేవరకొండ లాంటి కోటల్లో గోడల లోపలికి పరుగు పెట్టాలంటే వారసత్వ శాఖను అడగాలి. అంతకన్నా కోట కింద చెలకల్లో చుట్టు వేసుకోవడం సుఖం. గుడి ఉన్న గుట్టయితే జాతర తేదీలు చూసుకోండి. మాఘంలో మీకు మన్యంకొండ, మాకు చెర్వుగట్టు, ఆ వారాల్లో గుట్ట మన చేతిలో ఉండదు. పట్టా భూముల మీదుగా బాట పోతుంటే ఆ రైతు ఇంటికి వెళ్లి అడగాలి, ఫోన్‌లో కాదు. గ్రామ పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు ఒక కాగితం ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకోండి.

అన్నిటికన్నా ముందు ఆ గుట్టలో మేకలు కాసే మనిషిని వెతికి పట్టుకోండి. ఎలుగుబంటి ఏ గుండ్ల మధ్య పడుకుంటుందో, చిరుత ఈ మధ్య తిరిగిందో లేదో, ఏ బండ కింద తేనెపట్టు ఉందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పెద్ద తేనెటీగల పట్టు ఉన్న బండకు దగ్గరగా దారి వేయొద్దు. టపాకాయలతో మొదలుపెట్టడం, పెద్ద బాక్సుతో పాటలు, పొగ వచ్చే పొయ్యి వద్దని నేను పట్టుబట్టేది వీటి వల్లే. ఒకసారి లేచాయంటే పారిపోయే చోటు ఉండదు.

ఇంకొకటి ఉంది, పుస్తకాల్లో దొరకదు. పల్లి చేలకు, మక్క చేలకు అడవి పందులు రాకుండా కొందరు రాత్రిపూట కరెంటు తీగ పెడతారు. నేరమే, అయినా పెడతారు. అందుకే చీకట్లో హెడ్‌లైట్లు పెట్టుకుని చేల గట్ల మీద పరిగెత్తడం మన దగ్గర వద్దు. గుర్తులు చూడటానికి పోయే మనిషి కూడా వెలుతురు వచ్చాకే పోవాలి. ముందు రోజు ఊళ్లో "రేపు పొద్దున మనుషులు పరిగెత్తుతారు" అని చాటింపు వేయించండి.

పాము కనపడితే ఆగి దారి ఇవ్వండి. కాటు పడితే తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదలకుండా పెట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని బండి దాకా తేవాలి. పాము విషానికి మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ముందు రోజే కనుక్కుని, ఆ నంబరును 108 పక్కనే రాసి బల్ల మీద అంటించండి. ఒక కారు తాళంతో సహా ఖాళీగా ఉండాలి, దాని వెనక ఇంకో బండి పెట్టకూడదు.

నీళ్లు చెట్టు కింద, ఇంకా పెద్ద చుట్టు సగంలో. స్టీలు గ్లాసులు పెట్టండి, ప్లాస్టిక్ గ్లాసులైతే గాలికి గుట్టంతా పరుచుకుంటాయి. పక్క పొలంలో బోరు ఉంది కదా అని దాని నీళ్లు పోయకండి. మా నల్లగొండవాళ్లకు ఫ్లోరైడ్ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు, మీ వైపూ క్యాన్లు తెచ్చుకోవడమే మంచిది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లకు. గ్లాసులో ప్యాకెట్ మొత్తం కలిపి తాగేవాళ్లు ప్రతి ఏడూ ఒకరు ఉంటారు, వాంతులూ వాళ్లకే అవుతాయి.

బహుమతి రెండు పెట్టండి. ఒకటి మామూలుగా ముందు వచ్చిన జట్టుకు. రెండోది మాకు ఇష్టమైనది: ప్రతి జట్టూ ముందు రోజు తమ మొత్తం టైము ఎంతవుతుందో చీటీ మీద రాసి ఇస్తుంది. ఎవరి చీటీ అసలు టైముకు దగ్గరగా ఉంటే వాళ్లకు. చేతి గడియారాలు, ఫోన్లు బల్ల దగ్గర ఇచ్చి పోవాలి. ఇందులో గెలవాలంటే కావలసింది తన వేగం తనకు తెలిసిన మనిషి, 45 అంటే 45కు వచ్చే మనిషి. మా కాకా ఉన్న జట్టు ఇది నాలుగుసార్లు గెలిచింది. ఎనిమిదిసార్లలో అందరికన్నా ముందు వచ్చిన జట్టు ఒక్కసారి కూడా గెలవలేదు, వాళ్లు ఎప్పుడూ తక్కువే రాస్తారు. బహుమతి ఏమిటని అడిగితే ఐదు కిలోల పల్లీలు. మీ దగ్గర పల్లీలకు కొదవ లేదు.

అంతా అయ్యాక పులిహోర తిని పడుకోవాలనిపిస్తుంది. తినే ముందే ఇద్దరు పోయి రిబ్బన్లన్నీ విప్పుకుని రండి, కట్టినప్పుడు లెక్కపెట్టి రాసుకున్న సంఖ్యతో సరిచూసుకోండి. ఒక ఏడు రేపు చూద్దాంలే అని వదిలేశాం. మర్నాడు ఆ మేకల కాపరి ఫోన్ చేసి, తన మేక నోట్లోంచి నారింజ రిబ్బన్ మూరెడు లాగానని చెప్పాడు.